చదివి వినిపించగా సరియని ఒప్పుకొనిరి

ముప్ఫై నాలుగేళ్ళు కోర్టులో స్టెనోగా పనిచేశాను. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు ఊళ్ళ మధ్యే తిరిగాను. ఈమధ్య మా వీధిలో ఒకమ్మాయికి అదే ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బా పట్టుకుని వచ్చి, "బాబాయిగారూ, స్పీడు ఎంతుంటే సరిపోద్దండి?" అని అడిగింది. మొదటి ప్రశ్నే స్పీడు గురించి. నేనూ అక్కడే మొదలుపెట్టి, అక్కడే బోర్లా పడ్డవాణ్ణి.

ఆ అమ్మాయి టీ తాగి వెళ్ళేలోపు చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లూ, పేస్కేళ్ళూ, సెలవు నిబంధనలూ ఇందులో ఉండవు. అవి ఏ సీనియర్ని అడిగినా చెబుతారు. చెప్పేదేదీ ఏ ఊరి కోర్టులో జరిగిందో కూడా చెప్పను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకబ్బిన మంచి అలవాటు అదొక్కటే.

నా కుర్చీ

కోర్టు అనగానే అందరికీ జడ్జిగారూ, నల్లకోట్ల ప్లీడర్లూ, బోనులో సాక్షీ గుర్తొస్తారు. జడ్జిగారి బల్లకీ బోనుకీ మధ్య, కాస్త కిందుగా, ఒకాయన తల వంచుకుని టైపు చేస్తూ ఉంటాడు. అతను ఎవరికీ గుర్తుండడు. ఆ ఒకాయన నేనే.

సాక్షి తెలుగులో చెబుతాడు, కాగితం మీద ఇంగ్లీషు పడుతుంది. దాన్నే వాంగ్మూలం అంటారు. రేపు కేసు పై కోర్టుకి వెళితే అక్కడివాళ్ళు చదివేది ఆ కాగితమే. సాక్షి ముఖం, గొంతు వణకటం, మధ్యలో నీళ్ళు అడగటం ఇవేవీ పైకి వెళ్ళవు. పద్ధతి ప్రకారం సాక్షి మాటని జడ్జిగారు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి, మేం టైపు చెయ్యాలి. అయితే రోజుకి పది మంది సాక్షులుండి, చెయ్యి తిరిగిన స్టెనో దొరికితే, నేను పనిచేసిన జడ్జిగార్లలో చాలామంది ఆ పని నాకే వదిలేసేవారు. ఆఖర్న ఒకసారి కళ్ళతో చూసి సంతకం పెట్టేవారు. నాకు అంతకంటే కావలసింది లేదు. సాక్షి వాక్యం ముగించేలోపే నా ఇంగ్లీషు వాక్యం తెర మీద ఉండేది. ప్లీడర్లు "మా స్టెనోగారు సాక్షి మనసులో మాట కూడా కొట్టేస్తారు" అని వేళాకోళం ఆడేవారు. నేను దాన్ని పొగడ్త అనుకునేవాణ్ణి.

వాంగ్మూలం అయ్యాక ఆఖర్న ఒక వాక్యం తప్పనిసరి. తెలుగులో చదివి వినిపించగా సరియని ఒప్పుకొనిరి, అని దాని అర్థం. దాని కింద సాక్షి సంతకం, జడ్జిగారి సంతకం. కంప్యూటర్లు వచ్చాక ఆ వాక్యం కోసం కీబోర్డు మీద ఒక మీట కేటాయించుకున్నాను. ఒక్కసారి నొక్కితే వాక్యం మొత్తం దానంతటదే పడేది. చదవటమూ వినిపించటమూ మాత్రం ఉండేవి కావు.

గొడవ

చేరిన కొత్తలో ఈపురుపాలెం నుంచి ఒక నేతపని ఆయన సాక్షిగా వచ్చాడు. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళ మధ్య మురుగుకాలవ తగాదా. "వాళ్ళిద్దరికీ గొడవైందండి, నేను చూశాను" అన్నాడు. నేను 'ఫైట్' అని కొట్టాను. అవతలి ప్లీడరు ఆ మాట పట్టుకుని, "ముందు ఎవరు కొట్టారు? చేత్తోనా, కర్రతోనా?" అని మొదలుపెట్టాడు. సాక్షి తెల్లబోయాడు.

"కొట్టుకోటం ఏంటండి! గొడవైందన్నాను. ఆయనేమో ఈయన బామ్మర్దిని ఒక మాటన్నాడు. ఈయనేమో ఆయన తండ్రిని ఒక మాటన్నాడు. ఎవరి మగ్గం దగ్గరకి వాళ్ళు పోయి కూర్చున్నారు."

కోర్టు హాలంతా నవ్వింది. జడ్జిగారు మాత్రం నవ్వలేదు. "క్వారల్ అంటే నోటితో. ఫైట్ అంటే చేత్తో. మనకి రెండూ గొడవే. మీ వేళ్ళకి ఆ తేడా చెప్పండి" అన్నారు నాతో.

సిగ్గుపడ్డాను గానీ, నిజం చెప్పాలంటే సిగ్గు కంటే సరదా ఎక్కువ వేసింది. తెలుగులో ఒక్క మాట ఉన్నచోట ఇంగ్లీషులో రెండు మాటలు దాక్కుని ఉన్నాయన్నమాట. ఆ రోజు నుంచీ ఒక నోటుబుక్కులో జంటలు రాసుకోవటం మొదలుపెట్టాను. 'సీ' అంటే చూడటం, 'నోటీస్' అంటే కంటపడింది మనసుకి పట్టటం. 'ఆస్క్' అంటే అడగటం, 'డిమాండ్' అంటే గట్టిగా నిలదీసి అడగటం. సాక్షి "అడిగాడండి" అన్నప్పుడు ఎలా అడిగాడో ముఖం చూస్తేనే తెలుస్తుంది. నేనేమో కాగితం చూస్తూ ఉంటాను. అదే నా అసలు లోపమని అప్పుడు తట్టలేదు. నోటుబుక్కు నిండుతున్నకొద్దీ నా మీద నాకు నమ్మకం పెరిగింది, అంతే.

పురాణం జడ్జిగారు

ఒక జడ్జిగారి గురించి చెప్పి తీరాలి. సన్నగా, దగ్గుతూ, మెడకి మఫ్లరు చుట్టుకుని ఉండేవారు. సాక్షి చెప్పిన ప్రతి మాటా ఇంగ్లీషులో తనే చెప్పి టైపు చేయించేవారు. ఆఖర్న సాక్షిని బోను దిగనిచ్చేవారు కాదు. "కూర్చో నాయనా, నువ్వు చెప్పింది చదువుతాను, తప్పుంటే ఆపు" అని మొదటి వాక్యం నుంచీ తెలుగులో చదివేవారు. సాక్షులు నిజంగానే ఆపేవారు. "సాయంత్రం అన్లేదండి, పొద్దుగూకాక అన్నాను" అని ఒకాయన ఆపాడు. జడ్జిగారు ఓపిగ్గా దిద్దించారు. ఆ ఒక్క దిద్దుబాటుకి అరగంట పట్టింది.

ప్లీడర్లు ఆయనకి 'పురాణం జడ్జిగారు' అని పేరు పెట్టారు. వాయిదాలు పేరుకుపోయాయి. బల్ల మీద ఫైళ్ళు చూసి నాకు విసుగు. క్యాంటీన్లో ఆయన దగ్గునీ, చదివే తీరునీ అనుకరించి అందరినీ నవ్వించేవాణ్ణి. ఆయన బదిలీ అయి వెళ్ళిన రోజున హమ్మయ్య అనుకున్నాను. నేను చూసిన అధికారుల్లో ఆయన్ని మించిన పనివాడు లేడని ఇప్పుడు రాస్తున్నాను. ఈ మాట ఆయన ఉన్నప్పుడు ఎదురుగా చెప్పి ఉండవలసింది.

నాంచారమ్మ దావా

నాంచారమ్మది సముద్రం పక్క ఊరు. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ఆమె భర్త మోపిదేవయ్య మరో ఇద్దరితో కలిసి వేటకి వెళ్ళాడు. గాలికి పడవ తిరగబడింది. ఇద్దర్ని వేరే పడవవాళ్ళు పైకి లాగారు. మోపిదేవయ్య దొరకలేదు. శవమూ దొరకలేదు. శవం లేదు కాబట్టి చనిపోయినట్టు సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ఏడేళ్ళు గడిచాయి. ఒక మనిషి కబురు ఏడేళ్ళపాటు అయినవాళ్ళెవరికీ తెలియకపోతే, అతను చనిపోయాడని కోర్టు భావించవచ్చని చట్టం. అలా ప్రకటించమని నాంచారమ్మ దావా వేసింది. ఆమె ఉంటున్న ఇంటి పట్టా భర్త పేరున ఉంది. మరిది ఏడుకొండలు అడ్డం తిరిగాడు. అన్న బతికే ఉన్నాడు, ఎవరో ఏదో రేవులో చూశారట, వచ్చేదాకా అన్న ఇల్లు నా చేతిలో ఉండాలి, వదిన పుట్టింటికి పోవాలి అన్నది అతని వాదన. అంటే దావా గెలిస్తే ఆ ఇల్లు నాంచారమ్మది. ఓడిపోతే ఆమె గుమ్మం దిగాలి. పుట్టింట్లో ఆమెకి ఎవరూ లేరు.

సాక్ష్యం రోజున ఉతికిన చీర కట్టుకుని, నుదుట బొట్టుతో వచ్చింది. తన ప్లీడరు అడిగినవాటికి తడబడకుండా చెప్పింది. తర్వాత ఏడుకొండలు ప్లీడరు లేచాడు.

"ఏమ్మా, బొట్టు పెట్టుకున్నావ్. మీ ఆయన వస్తాడని నీకు ఆశ ఉందా, లేదా?"

"ఆశ లేకుండా ఎట్టా ఉంటదండీ. ఉందండి."

నా వేళ్ళు అప్పటికే కదిలాయి. నా భర్త తిరిగి వస్తాడని ఎక్స్‌పెక్ట్ చేస్తున్నాను, అని ఇంగ్లీషులో కొట్టాను.

హోప్ అనే మాట నాకు తెలియక కాదు. ఆ క్షణాన ఆ మాట తట్టింది కూడా. కానీ హోప్ అంటే నాకు ఉత్తరాల చివర రాసే మాట. మీరంతా క్షేమమని తలుస్తాను, అనేలాంటిది. కోర్టు కాగితానికి అది తేలికగా ఉంటుందని, ఎక్స్‌పెక్ట్ అయితే బరువుగా, హుందాగా ఉంటుందని అనిపించింది. మాటల జంటలు ఏరుకునేవాడికి పట్టిన పొగరు అది. తర్వాత మీట నొక్కాను. చదివి వినిపించగా సరియని ఒప్పుకొనిరి. నాంచారమ్మ కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. బంట్రోతు తర్వాతి సాక్షిని పిలిచాడు.

నెల తర్వాత వాదనలు జరిగాయి. ఏడుకొండలు ప్లీడరు నేను కొట్టిన వాక్యాన్ని పైకి చదివాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. "హోప్ అనలేదు చూడండి సార్, ఎక్స్‌పెక్ట్ అంది. ఆధారం లేకుండా ఎవరూ ఎక్స్‌పెక్ట్ చెయ్యరు. ఈమెకి భర్త కబురు అందింది, దాస్తోంది. కబురు అందితే ఇక ఏడేళ్ళ లెక్క వర్తించదు" అని ఇంగ్లీషులో చక్కగా వాదించాడు. తప్పు పట్టటానికి లేదు. నేనిచ్చిన ఇటుకతోనే గోడ కట్టాడు.

నేను తలెత్తి చూశాను. నాంచారమ్మ వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెకి ఇంగ్లీషు రాదు. మధ్యలో మొగుడి పేరు వినపడినప్పుడల్లా, అవునన్నట్టు శ్రద్ధగా తల ఊపుతోంది. ఆమె తల ఊపుతున్నది తన ఇల్లు పోయే వాక్యానికి.

జడ్జిగారు తీర్పు పదిహేను రోజులకి వాయిదా వేశారు.

అందరినీ అడిగాను

వెంటనే వెళ్ళి తప్పు ఒప్పుకున్నానని రాస్తే బాగుంటుంది. కానీ అలా చెయ్యలేదు. నేను ముందు ఇంటికెళ్ళి డిక్షనరీలు తీశాను. అసలు తప్పు చేశానా, లేదా? ఆ రెండు మాటల మధ్య తేడా అంత పెద్దదా? అది తేలితే గానీ అన్నం సయించేలా లేదు. భయం ఉన్న మాట నిజమే, దాంతోపాటు కుతూహలం కూడా నన్ను తినేస్తోంది. చిన్న డిక్షనరీలో రెండింటికీ పక్కపక్కనే 'ఆశించు' అని ఉంది. చూశావా, తప్పేం లేదు అనుకున్నాను. పెద్ద డిక్షనరీలో హోప్ దగ్గర కోరిక అనే మాట ఉంది, ఎక్స్‌పెక్ట్ దగ్గర లేదు. అంటే కోరుకోనిదాన్ని కూడా ఎక్స్‌పెక్ట్ చెయ్యొచ్చు. తుఫాన్ని ఎక్స్‌పెక్ట్ చేస్తాం, హోప్ చెయ్యం. ఇది కనిపెట్టి నేను కాసేపు సంబరపడ్డాను. ఒక మనిషి ఇల్లు పోతుంటే మాటల తేడా దొరికిందని సంబరపడ్డవాణ్ణి నేను.

అప్పట్లో రోజూ తెనాలి నుంచి రైల్లో కోర్టుకి వెళ్ళేవాణ్ణి. నాతోపాటు సీజన్ టికెట్ మీద పద్మావతి టీచరుగారని హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే ఆవిడ వచ్చేవారు. ప్లాట్‌ఫారం మీద ఆవిణ్ణి పట్టుకుని అడిగాను.

"దీనికి డిక్షనరీ ఎందుకు అన్నయ్యగారూ! ఈ బండి వస్తదని ఎక్స్‌పెక్ట్ చేస్తన్నాం. సీటు దొరుకుద్దని హోప్ చేస్తన్నాం. పిల్లలకి అట్టాగే చెప్తా."

"మరి బండి రద్దయిందని మైకులో చెప్పారనుకోండి?"

"ఎక్స్‌పెక్ట్ చెయ్యటం మానేస్తాం."

"హోప్?"

"అది మనం మానేస్తే పోయేది కాదేమోనండి" అన్నారు. ఇంతలో బండి వచ్చింది. ఇద్దరికీ సీటు దొరకలేదు.

క్లబ్బులో రిటైరైన బ్యాంకు మేనేజరుని అడిగాను. మందుల షాపాయన్ని అడిగాను. అందరూ తలో రకంగా చెప్పారు, అన్నీ నోటుబుక్కులో ఎక్కించాను. ఐదోరోజు భోజనాల దగ్గర మా ఆవిడకి ఇదంతా వివరిస్తుంటే, సగంలో ఆపి, "ఇంతకీ ఆవిణ్ణి అడిగారా?" అంది.

"ఎవర్ని?"

"ఎవర్నేంటండీ! ఆ నాంచారమ్మని. ఊళ్ళో వాళ్ళందర్నీ అడుగుతున్నారు గదా, ఆ మాటన్న మనిషిని అడిగారా?"

నేను ఐదు రోజులుగా చేస్తున్నదీ, ఆ రోజు మీట నొక్కి చేసిందీ ఒకటే. మాటన్న మనిషిని వదిలేసి మాటని పట్టుకోవటం. ఆ పూట పెరుగన్నం కలుపుకోకుండానే లేచాను.

ఒప్పుకోలు

మర్నాడు కోర్టు మొదలుకాకముందే జడ్జిగారి గదికి వెళ్ళాను. ఆయన నాకంటే పదిహేనేళ్ళు చిన్న. తక్కువ మాట్లాడే మనిషి.

"సార్, నాంచారమ్మ వాంగ్మూలంలో ఒక మాట నేను తప్పు కొట్టాను."

ఫైలు తెప్పించి చూశారు. "కింద సర్టిఫికెట్ ఉందిగా. చదివి వినిపించారు, ఆమె ఒప్పుకుంది."

"వినిపించలేదు సార్."

"ఈ ఒక్కదాన్నా?"

ఇక్కడ అబద్ధం చెప్పే వీలుంది. ఆ రోజు రద్దీ ఎక్కువైంది సార్, అంటే సరిపోతుంది. ఉద్యోగం ఇంకా నాలుగేళ్ళు ఉంది.

"దేన్నీ వినిపించలేదు సార్. మీట పెట్టుకున్నాను."

నన్ను తిడతారనుకున్నాను. ఆయన వేలు పెట్టి తన సంతకం చూపించారు. "ఆ మాటల కింద ఉన్నది నా సంతకం. నేను ఆ బల్ల వెనకే కూర్చుని ఉన్నాను. మీరు వినిపించటం లేదని నాకు కనపడుతూనే ఉంది" అన్నారు. తర్వాత, "ఆమెని మళ్ళీ బోనెక్కిద్దాం. ఇద్దరు ప్లీడర్లకీ కబురు పెట్టండి" అన్నారు. సంజాయిషీ అడుగుతూ నాకు మెమో వచ్చింది. దాని గురించి రాయటానికేం లేదు, న్యాయంగానే వచ్చింది.

గ్లాసెడు బియ్యం

నాంచారమ్మ భయపడుతూ బోనెక్కింది. మళ్ళీ ఎందుకు పిలిచారో ఆమెకి తెలియదు. జడ్జిగారు నన్ను లేచి నిలబడమన్నారు. ఇన్నేళ్ళలో ఒక వాంగ్మూలాన్ని నేను నిలబడి చదవటం అదే మొదటిసారి. పేరు, ఊరు, పెళ్ళి, పడవ అన్నీ చదివాను. ప్రతిదానికీ "అవునండి" అంది. ఆ వాక్యం దగ్గరకి వచ్చాను.

"నా భర్త తిరిగి వస్తాడని నేను అనుకుంటున్నాను."

"నేనట్టా అన్లేదండి."

అవతలి ప్లీడరు ఒక్క ఉదుటున లేచాడు. "ఆశ ఉందని నువ్వే అన్నావు కదమ్మా, అందరం విన్నాం!"

"ఆశ ఉందన్నానండి. వస్తాడని అన్లేదు."

"రెండూ ఒకటే కదా!"

జడ్జిగారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. "అమ్మా, రెండిటికీ తేడా ఏంటో నువ్వే చెప్పు. తొందరేం లేదు."

నాంచారమ్మ బోను కర్ర పట్టుకుని నిలబడింది. నేను తెర వైపు చూడలేదు. మొదటిసారి సాక్షి ముఖం చూస్తూ నిలబడ్డాను.

"వస్తాడనుకున్నప్పుడు గ్లాసెడు బియ్యం ఎక్కువ పోసేదాన్నండి. ఏ పొద్దునొస్తే ఆ పొద్దు అన్నం ఉండాలి గదా. రెండేళ్ళు పోశాను. ఆ తర్వాత మానేశానండి."

"ఎందుకు మానేశావు?"

"రాడని తెలిసిపోయింది గదండీ. పడవలో ఆయన పక్కనున్నోళ్ళు చెప్పారు, ఎట్టా మునిగాడో. అప్పుడు నమ్మలేదు, తర్వాత నమ్మాను. నాకు ఎవరి కబురూ రాలేదండి."

"మరి ఆశ ఉందంటున్నావు?"

"ఉందండి. ఆశకి బియ్యం అక్కర్లేదు గదండీ."

ఎవరూ నవ్వలేదు. ఏడుకొండలు గోడకి ఆనుకుని నిలబడి తల దించుకున్నాడు. అతను చెడ్డవాడని నేను అనుకోను. బయట వరండాలో ఒకసారి నాతో, "కాయితం మీద మా అన్నని చంపుతారాండీ?" అన్నాడు. ఇంటి మీద కన్ను ఉంది, అన్న మీద ప్రేమా ఉంది. మనుషులు అలాగే ఉంటారు, వాంగ్మూలంలో మాత్రం ఏదో ఒకటే పడుతుంది.

జడ్జిగారు నా వైపు తిరిగి, "ఆవిడ మాటలు ఆవిడవిగానే ఉంచండి. తెలుగులో కూడా కొట్టండి" అన్నారు. కొట్టాను. కింద ఇంగ్లీషు కూడా కొట్టాను, చాలా నెమ్మదిగా. ఆశ దగ్గర హోప్ అని కొట్టాను. అంతా అయ్యాక మళ్ళీ మొత్తం చదివి వినిపించాను. "ఇప్పుడు సరిగ్గా ఉందండి" అంది. ఆ రోజు సాయంత్రం ఆ మీట తీసేశాను.

తర్వాత నాలుగేళ్ళూ ప్రతి వాంగ్మూలం చదివి వినిపించాను. రోజుకి పది మంది సాక్షులు ఆరుగురయ్యారు. ప్లీడర్లు నాకూ పేరు పెట్టారు, అదేంటో చెప్పనక్కర్లేదు. దాదాపు ప్రతి సాక్షీ ఎక్కడో ఒకచోట ఆపాడు. ఆపిన ప్రతిసారీ నా గుండెలో ఒక ముల్లు దిగేది. అంతకుముందు ముప్ఫై ఏళ్ళలో ఎంతమందిని ఆపనివ్వలేదో లెక్క కట్టటం నా వల్ల కాదు. వాళ్ళలో ఎవరు ఏం పోగొట్టుకున్నారో తెలుసుకునే దారీ లేదు. కొత్తగా చేరే పిల్లలకి నేను చెప్పేది ఇంతే. మాటల తేడాలు నేర్చుకోండి, సరదాగా కూడా ఉంటుంది. కానీ ఆ తేడా మీకు తెలిసినంత మాత్రాన సాక్షి అన్నది ఏదో మీకు తెలిసినట్టు కాదు. అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.

నకలు

దావా నాంచారమ్మ గెలిచింది. తీర్పు నకలు తీసుకోవటానికి రెండు వారాల తర్వాత వచ్చింది. చేతిలో ఎండుచేపల పొట్లం ఒకటి తెచ్చింది. తీసుకోనని చెబితే బల్ల కింద పెట్టేసింది. నకలు చేతికిచ్చాను. కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"బాబుగారూ, ఒకసారి చదివి చెప్పండి. మీరు చదివితే నాకు తెలుస్తది."

ఆరు పేజీలు. నేను గర్వంగానే మొదలుపెట్టాను, దాచుకోవటం ఎందుకు. వాది, ప్రతివాది, పడవ, బియ్యం గ్లాసు అన్నీ ఉన్నాయి. తన మాటలు వచ్చినచోట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆఖరి పేజీకి వచ్చాను. ఇంగ్లీషులో ఆ వాక్యాన్ని నేనే టైపు చేశాను. అప్పుడేమీ అనిపించలేదు. దాన్ని తెలుగులోకి మారుస్తూ ఆమె ముఖంలోకి చూసి చెప్పాలి.

"వాది భర్త మోపిదేవయ్య మరణించినట్టు ఈ కోర్టు ప్రకటిస్తోంది."

ఆమె నవ్వు అలాగే ఆగిపోయింది. "ఇల్లు నాదేనాండి?" అంది.

"నీదేనమ్మా."

కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, తలుపు పట్టుకుని ఆగింది.

"ఇంగ్లీషులో ఉన్నన్నాళ్ళూ బానే ఉందండి" అంది. "ఇప్పుడే పోయాడు మా ఆయన."